సల్ఫాడాక్సిన్ మాత్ర: వేసుకునే ముందు చెప్పాల్సినవి, వేసుకున్నాక నెల రోజులు చూసుకోవాల్సినవి

తిరుపతిలో మలేరియా అంతగా లేదు కదా, ఈ మందు గురించి మాకెందుకు అని అడిగేవాళ్ళు ఉంటారు. నిజమే, మన వైపు దోమల జ్వరం అంటే ముందు గుర్తొచ్చేది డెంగీ. కానీ మనుషులు ఒకచోటే ఉండరు కదా. పాడేరు, అరకు వైపు పనికో చుట్టపుచూపుకో వెళ్ళొచ్చేవాళ్ళు ఉన్నారు, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ నుంచి కట్టడాల పనికి వచ్చేవాళ్ళు ఉన్నారు, శ్రీవారి దర్శనానికి బయలుదేరి రేణిగుంటలో రైలు దిగేసరికే ఒళ్ళు కాలిపోతున్న యాత్రికులూ ఉన్నారు. నేను తిరుపతిలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడే ఫార్మసిస్టుని. చలిజ్వరానికి 'ఒక్క డోసుతో పోయే మాత్ర' ఉందట, ఇవ్వండి అని అడిగేవాళ్ళను చూస్తూనే ఉంటాను. వాళ్ళు అడుగుతున్నది సల్ఫాడాక్సిన్, పైరిమెథమిన్ కలిసిన మాత్ర. డాక్టర్లు దీన్ని పొట్టిగా ఎస్పీ అంటారు, పాతవాళ్ళకు ఫాన్సిడార్ అంటే తెలుస్తుంది. చీటీ లేకుండా ఈ మందు ఎందుకు ఇవ్వమో, చీటీ ఉన్నా ఇంట్లో ఏమేం చూసుకోవాలో ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి, మిగతావన్నీ దాని నుంచే వస్తాయి. ఈ మందు ఒంట్లోకి వెళ్ళడం ఒక్క నిమిషం పని, బయటికి పోవడానికి వారాలు పడుతుంది. ఇదే సల్ఫా కుటుంబానికి చెందిన, సెప్ట్రాన్ మాత్రలో ఉండే సల్ఫామెథాక్సజోల్ రక్తంలో సగానికి తగ్గడానికి 10 గంటలు చాలు. సల్ఫాడాక్సిన్‌కు అదే పనికి 8 రోజుల దాకా పడుతుంది. అంటే ఈరోజు వేసుకుంటే 8 రోజులకు సగం, 16 రోజులకు పావు, 24 రోజులకు అందులో సగం మిగిలే ఉంటుంది. రక్తంలోని ప్రోటీన్లను గట్టిగా పట్టుకుని ఉండటం, కిడ్నీ దగ్గర వడపోసినదాంట్లో చాలా భాగం మళ్ళీ రక్తంలోకే వెనక్కి రావడం, ఈ రెండూ దానికి కారణం. ఒక్క డోసు సరిపోవడం కూడా ఇందుకే. పడకపోతే ఆపుదాంలే అనుకోవడానికి వీల్లేనిదీ ఇందుకే, ఎందుకంటే ఆపడానికి రేపటి మాత్ర అంటూ ఏదీ ఉండదు.

ఎలా పనిచేస్తుందో కొంచెం. బ్యాక్టీరియా, మలేరియా పరాన్నజీవి తమకు కావాల్సిన ఫోలేట్ అనే విటమిన్‌ను తామే తయారు చేసుకుంటాయి. మనం మాత్రం ఆకుకూరలు, పప్పుల నుంచి తెచ్చుకుంటాం. ఆ తయారీలో ఒక మెట్టు దగ్గర, పాబా అనే ముడిసరుకు కూర్చోవాల్సిన చోట సల్ఫా వచ్చి కూర్చుంటుంది. ఇంకొంచెం ముందుకెళ్ళాక మరో మెట్టును పైరిమెథమిన్ ఆపేస్తుంది. ఒకే దారిని రెండు చోట్ల మూసేయడం వల్ల రెండు మందులూ విడివిడిగా చేసేదానికంటే కలిసి ఎక్కువ పని చేస్తాయి. ఈ సల్ఫా కుటుంబానికి పెద్ద జర్మనీ మందు ప్రాంటోసిల్. గెర్హార్డ్ డోమాక్ దాని ఫలితాలను 1935లో ప్రచురించాడు, 1939లో నోబెల్ బహుమతి ప్రకటించారు. పెన్సిలిన్ అందరికీ అందకముందు సెప్టిక్ జ్వరాల నుంచి మనుషుల్ని బతికించింది సల్ఫాలే, అందుకే పెద్దవాళ్ళకు వీటి మీద అంత నమ్మకం. ఆ నమ్మకాన్ని తప్పు పట్టను, కానీ దాన్ని చూసుకుని జ్వరం రాగానే మాత్ర మింగకూడదు.

రక్తపరీక్ష లేకుండా వద్దు

మన జిల్లాల్లో వానలు ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడతాయి, జ్వరాలు కూడా ఆ నెలల్లోనే గుంపుగా వస్తాయి. డెంగీ, టైఫాయిడ్, చికున్‌గున్యా, వీటితో పాటు స్క్రబ్ టైఫస్. ఈ చివరిది పొలాల్లో, పొదల్లో తిరిగేవాళ్ళకు చిన్న నల్లి పురుగు కుట్టడం వల్ల వస్తుంది. చంకలోనో గజ్జల్లోనో నల్లటి పెచ్చు కట్టిన పుండు కనిపించొచ్చు, కనిపించకపోవచ్చు కూడా. దీనికి సల్ఫా మందులు పనిచేయవు. కావాల్సింది డాక్సీసైక్లిన్ లేదా అజిత్రోమైసిన్. డాక్సీసైక్లిన్, సల్ఫాడాక్సిన్ పేర్లు వినడానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి ఫోన్‌లో పేరు చెప్పి మందు తెప్పించుకోవద్దు, చీటీని ఫోటో తీసి పంపండి, షాపులో ఉన్నవాళ్ళు చదివి ఇస్తారు. ఇక డెంగీ వైరస్, దాని మీద ఈ మాత్రకు ఏ ప్రభావమూ లేదు.

మలేరియా అనుమానం ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేలి నుంచి చుక్క రక్తం తీసి ర్యాపిడ్ టెస్ట్ చేస్తారు, గాజు పలక మీద రక్తం పూసి మైక్రోస్కోప్ కింద కూడా చూస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో దీనికి డబ్బులు అక్కర్లేదు. గడిచిన నెలా రెండు నెలల్లో ఎక్కడెక్కడ తిరిగారో వాళ్ళు అడగకపోయినా మీరే చెప్పండి. తిరుపతి డాక్టరుకు డెంగీ ముందు తడుతుంది, పాడేరు వెళ్ళొచ్చామని మీరు చెప్తేనే మలేరియా తడుతుంది. రిపోర్టులో మలేరియా వచ్చినా ఏ రకమో చూడాలి. వైవాక్స్ అయితే ఈ మాత్ర కాదు, 3 రోజులు క్లోరోక్విన్, 14 రోజులు ప్రైమాక్విన్. ఫాల్సిపారం అయితేనే మన రాష్ట్రంలో, వేగంగా పనిచేసే మలేరియా మందు ఆర్టిసునేట్‌తో కలిపి ఎస్పీ ఇస్తారు. ఈశాన్య రాష్ట్రాల్లో ఎస్పీకి పరాన్నజీవి లొంగడం తగ్గిపోయింది కాబట్టి అక్కడ 2013 నుంచి ఆర్టిమెథర్, ల్యూమెఫాంట్రిన్ కలిసిన మందుకు మారారు. అస్సాంలోనో త్రిపురలోనో పనిచేసే కొడుకు జ్వరంతో ఇంటికొస్తే ఆ సంగతి డాక్టరుకు చెప్పడం ఎంత అవసరమో ఇప్పుడు అర్థమవుతుంది.

మాత్ర చేతికి రాకముందే చెప్పాల్సినవి

డాక్టరు రద్దీలో ఉంటాడు, 'ఏమైనా అలర్జీలున్నాయా' అని ఒక్క మాట అడుగుతాడు, మనం లేవు సార్ అంటాం. చాలామందికి తాము ఎప్పుడు సల్ఫా వాడారో తెలియదు కాబట్టి అలా అంటారు, అబద్ధమని కాదు. కాబట్టి వెళ్ళే ముందే ఇంట్లో కూర్చుని గుర్తు చేసుకోండి. విరేచనాలకో యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కో సెప్ట్రాన్, బ్యాక్ట్రిమ్ వాడారా? కాలిన గాయానికి పూసే తెల్లటి సిల్వర్ సల్ఫాడయజీన్ క్రీమ్ రాసినప్పుడు ఒళ్ళు దద్దుర్లు లేచిందా? కీళ్ళవాతానికి, పేగు పూతకు ఇచ్చే సల్ఫాసాలజీన్ వాడుతున్నారా? కళ్ళలో వేసుకునే చుక్కల్లో కూడా సల్ఫా రకం ఉంది. వీటిలో ఏది పడకపోయినా ఎస్పీ వేసుకోకూడదు.

ఇంకొకటి, మన వాళ్ళలో తరచుగా కనిపించేది, ఎవరూ చెప్పుకోనిది. ఏదో మాత్ర వేసుకున్న ప్రతిసారీ పెదవి మీదో, చేతి మీదో, మర్మాంగం దగ్గరో అదే చోట గుండ్రంగా ఎర్రబడి, మంట పుట్టి, తగ్గాక నల్లటి మచ్చ మిగిలిపోతుంది. తామర అనుకుని ఆయింట్‌మెంట్ రాసుకుంటూ ఉంటారు. అది మందు పడకపోవడం వల్ల వచ్చే మచ్చ, సల్ఫాలు దీనికి బాగా పేరుపడ్డవి. సిగ్గుపడకుండా చెప్పండి, అవసరమైతే మగవాళ్ళు మగ డాక్టరుతో, ఆడవాళ్ళు లేడీ డాక్టరుతో.

గంధకం కలిసిన సబ్బో ఆయింట్‌మెంటో పడకపోవడం వేరే సంగతి, దానికీ సల్ఫా మందులకూ సంబంధం లేదు. బీపీకి, కాళ్ళ వాపులకు వాడే కొన్ని నీటి మాత్రల్లో సల్ఫా నిర్మాణం ఉంటుంది కానీ వాటితో అలర్జీ కలుస్తుందనడానికి ఆధారం బలహీనం. అయినా వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి, ఆ పని డాక్టరుకే వదిలేయండి. వెల్లూరులో చూపించుకున్న ఫైలు ఉంటే అదీ పట్టుకెళ్ళండి, చిత్తూరు వైపు వాళ్ళ అలర్జీ వివరం చాలాసార్లు ఆ డిశ్చార్జి కాగితంలోనే ఉంటుంది.

వాడుతున్న మందుల్లో కొన్నిటిని నోటితో చెప్పండి, సంచిలో ఉన్నాయిలే అని ఊరుకోవద్దు. రక్తం పల్చబడటానికి వార్ఫారిన్, కీళ్ళకో సోరియాసిస్‌కో వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్, ఫిట్స్‌కు ఫెనిటోయిన్, షుగర్‌కు గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ లాంటివి. షుగర్ మాత్రతో సల్ఫా కలిస్తే షుగర్ పడిపోయే ప్రమాదం పెరుగుతుంది, పైగా జ్వరంలో అన్నం సరిగా తినరు. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ నుంచి రోజూ కోట్రైమాక్సజోల్ (సెప్ట్రాన్‌లో ఉండే మందే) తెచ్చుకుని వేసుకుంటున్నవాళ్ళకు ఎస్పీ ఇవ్వకూడదు, రెండూ ఒకే దారిలో దెబ్బకొట్టే మందులు, చర్మం మీద రియాక్షన్ వచ్చే అవకాశం ఎక్కువవుతుంది. ఆ సంగతి అందరి ముందూ చెప్పడం కష్టమైతే డాక్టరును పక్కకు పిలిచి చెప్పండి, కానీ చెప్పండి.

ఫోలిక్ యాసిడ్ సంగతి చాలామందికి తెలియదు. నీరసంగా ఉంది అంటే మన దగ్గర 5 మి.గ్రా. ఫోలిక్ యాసిడ్ మాత్ర అలవోకగా రాసేస్తారు. అంత డోసు ఎస్పీతో కలిస్తే మలేరియా మీద ఎస్పీ పని తగ్గుతుంది. గర్భిణులకు తక్కువ డోసులో, 0.4 మి.గ్రా. ప్రాంతంలో ఇచ్చేదానితో ఆ ఇబ్బంది లేదు.

గర్భం మొదటి 3 నెలల్లో ఎస్పీ ఇవ్వరు, వేరే మందు వాడతారు. తర్వాతి నెలల్లో డాక్టరు చూసి ఇవ్వొచ్చు. ఆఫ్రికాలో మలేరియా ఎక్కువగా ఉన్న దేశాల్లో జ్వరం లేకపోయినా నాలుగో నెల నుంచి కనీసం నెల తేడాతో ఎస్పీ డోసులు ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అక్కడ తల్లికీ బిడ్డకూ అది పెద్ద రక్ష. అది చదివి మన ఇంటి గర్భిణికి ముందుజాగ్రత్త అని వేయకండి, మన దేశంలో ఆ పద్ధతి లేదు. పసిపిల్లలకు సల్ఫాలు కామెర్లను ముదిరేలా చేయగలవు, రక్తంలో బిలిరుబిన్ అనే కామెర్ల పసుపు పదార్థం పట్టుకుని ఉన్న చోటును ఇవి లాక్కుంటాయి. నెలల బిడ్డకు మందు ఎంపిక పిల్లల డాక్టరుదే. కిడ్నీ, లివర్ జబ్బు ఉన్నవాళ్ళూ ముందే చెప్పాలి.

వేసుకునే పద్ధతి

ఫాల్సిపారం అని తేలాక ప్రభుత్వ కేంద్రంలో వయసును బట్టి రంగు అట్టలో కిట్ ఇస్తారు, పెద్దవాళ్ళది తెల్లది. 15 ఏళ్ళు దాటినవాళ్ళకు మొదటి రోజు ఆర్టిసునేట్ 200 మి.గ్రా.తో పాటు ఎస్పీ మొత్తం డోసు, అంటే సల్ఫాడాక్సిన్ 1500, పైరిమెథమిన్ 75 మి.గ్రా. రెండో రోజు, మూడో రోజు ఆర్టిసునేట్ మాత్రమే. రెండో రోజు ప్రైమాక్విన్ ఒక డోసు కూడా ఉంటుంది, అది గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు, జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాల్లో ఒక ఎంజైమ్ తక్కువ) ఉన్నవాళ్ళకు ఇవ్వరు. ఎస్పీ మాత్రలు 500 బలంలోనూ 750 బలంలోనూ ఉంటాయి, అంటే ఒకరికి మూడు మాత్రలు, ఇంకొకరికి రెండు రావచ్చు. పక్కింటాయనకు మూడిచ్చారు, నాకు రెండే ఇచ్చారు అని ఇంకోటి కొని వేసుకోవద్దు. అంకెలు ఇక్కడ రాసింది మీ చేతిలో ఉన్న కిట్‌ను సరిచూసుకోవడానికే, సొంతంగా కొనుక్కోవడానికి కాదు.

ఖాళీ కడుపుతో వేసుకోకండి. రెండు ఇడ్లీలో, కొంచెం గంజో, పెరుగన్నమో తిని వేసుకుంటే వాంతి తగ్గుతుంది. మొదటి డోసు ఆరోగ్య కార్యకర్త ఎదుటే వేసుకోవడం మేలు, ఆ తర్వాత అరగంట అక్కడే కూర్చోండి. వెంటనే వాంతి అయిపోతే వాళ్ళకు చెప్పండి, మళ్ళీ వేయాలా వద్దా అన్నది వాళ్ళు తేలుస్తారు. ఇంటికెళ్ళాక మీ అంతట మీరు ఎస్పీ రెండోసారి మింగకండి.

ఇక ఎక్కువమంది చేసే పని ఒకటుంది. ఆర్టిసునేట్ చాలా వేగంగా పనిచేస్తుంది, రెండో రోజుకే జ్వరం దిగిపోతుంది, లేచి పనికి పోతారు, మూడో రోజు మాత్ర అట్టలోనే ఉండిపోతుంది. ఆర్టిసునేట్ గంటల్లోనే ఒంట్లోంచి వెళ్ళిపోయే మందు, అందుకే మూడు రోజులు వేయాలి. అది పరాన్నజీవుల్లో ఎక్కువ భాగాన్ని చంపితే, మిగిలిన కొద్దిపాటిని ఎక్కువ రోజులు ఉండే ఎస్పీ చూసుకుంటుంది. మధ్యలో మానేస్తే ఎస్పీ ఒక్కటే పెద్ద గుంపుతో పోరాడాల్సి వస్తుంది, బలమైనవి బతికి బయటపడతాయి, తర్వాత దోమ వాటినే ఇంకొకరికి మోస్తుంది. ఈ మందు ఆగ్నేయాసియాలో పనికిరాకుండా పోయింది ఇలాంటి మొండి రకాలు పెరిగే. మూడో రోజు మాత్ర వేసుకోవడం మీ ఒక్కరి కోసమే కాదు.

మగతగా పడి ఉండటం, ఫిట్స్, ఆయాసం, కళ్ళు పచ్చబడటం, మూత్రం కాఫీ రంగులో రావడం, ఏం తిన్నా నిలవకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇది ఇంట్లో మాత్రలతో తేలే జ్వరం కాదు. 108కి ఫోన్ చేసి తిరుపతి రుయా ఆసుపత్రికో, దగ్గర్లోని పెద్దాసుపత్రికో వెళ్ళండి. అక్కడ ఇంజెక్షన్ ఆర్టిసునేట్ మొదలుపెడతారు.

వేసుకున్నాక నెల రోజులు

ఇంట్లో టీటీడీ క్యాలెండర్ ఉంటే మాత్ర వేసుకున్న తేదీ మీద గుర్తు పెట్టి ఎస్పీ అని రాయండి, అక్కడి నుంచి నాలుగు వారాలకు ఇంకో గుర్తు. ఈ మధ్యలో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, పన్నునొప్పికైనా సరే, ఆ సంగతి చెప్పండి. జ్వరం తగ్గిన పది రోజులకు యూరిన్ మంట అని వెళ్తే సెప్ట్రాన్ రాసే అవకాశం ఉంది, రక్తంలో ఇంకా సల్ఫా మిగిలే ఉందని ఆయనకు మీరు చెప్తే తప్ప తెలియదు.

మాత్ర వేసుకున్న నెలలో కనిపెట్టాల్సింది ముఖ్యంగా చర్మాన్ని, నోటిని, కళ్ళను. స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అనే తీవ్రమైన రియాక్షన్ మామూలుగా మందు పడ్డాక కొద్ది రోజుల నుంచి నాలుగు వారాల లోపు మొదలవుతుంది. అది చర్మం మీద మొదలు కాకపోవచ్చు. మళ్ళీ జ్వరం, గొంతు నొప్పి, కళ్ళు మంట, ఫ్లూ వచ్చినట్టు ఉంటుంది. తర్వాత ఒళ్ళు తాకితే నొప్పి, ఎర్రటి లేదా ఊదా రంగు మచ్చలు, పెదవుల మీదా నోట్లోనూ పుండ్లు, బొబ్బలు, చర్మం ఊడిరావడం. నోటి పూత అని బి కాంప్లెక్స్ కొనుక్కుని, వేడి చేసింది అని మజ్జిగ తాగుతూ రెండు రోజులు పోగొట్టుకోవద్దు. అమ్మవారు పోసిందని వేపాకులు పరిచి పడుకోబెట్టొద్దు. దద్దుర్లతో పాటు నోరు, కళ్ళు, మర్మాంగాలు ఏదైనా పుండైతే అదే రోజు చర్మ విభాగం ఉన్న పెద్దాసుపత్రికి, మాత్రల అట్ట పట్టుకుని వెళ్ళండి.

ఇది భయపెట్టడానికి చెప్తున్నది కాదు. అరుదే. 1980లలో అమెరికా ప్రయాణికులు మలేరియా రాకుండా వారానికో ఫాన్సిడార్ వేసుకునేవాళ్ళు. వాళ్ళలో తీవ్రమైన చర్మ రియాక్షన్ 5,000 నుంచి 8,000 మందికి ఒకరికి, మరణం 11,000 నుంచి 25,000 మందికి ఒకరికి అని లెక్క తేలింది. ఒక్క డోసు చికిత్సలో ప్రమాదం అంతకంటే తక్కువ. ఫాల్సిపారం మలేరియాను వదిలేస్తే వచ్చే ప్రమాదం దీనికంటే ఎన్నో రెట్లు పెద్దది. కానీ జ్వరం లేనివాళ్ళు ముందుజాగ్రత్తగా వారం వారం వేసుకునే పద్ధతిని ఆ లెక్కల తర్వాత మానేశారు. కాబట్టి టూరుకు వెళ్తూ 'మలేరియా రాకుండా' అని ఈ మాత్ర అడగొద్దు.

చర్మం కాకుండా చూడాల్సినవి కొన్ని. గొంతు నొప్పితో జ్వరం తగ్గకపోవడం, కారణం లేకుండా కమిలిన మచ్చలు, చిగుళ్ళ నుంచి రక్తం, పాలిపోవడం ఉంటే రక్తకణాలు తగ్గాయేమో వాటిని లెక్కపెట్టే సీబీసీ పరీక్షలో తెలుస్తుంది. కళ్ళు పచ్చబడితే లివర్. నీళ్ళు బాగా తాగండి, డాక్టరు నీళ్ళు తగ్గించమని చెప్పినవాళ్ళు మాత్రం ఆయన చెప్పినట్టే. మాత్రలు అయిపోయాక కూడా జ్వరం దిగకపోయినా, దిగి నాలుగు వారాల్లో మళ్ళీ వచ్చినా తిరిగి రక్తపరీక్ష చేయించుకోవాలి.

రియాక్షన్ వచ్చి తగ్గిన మనిషికి ఒక చిన్న కార్డు రాసి పర్సులో పెట్టండి, తెలుగులోనే రాయొచ్చు: 'సల్ఫా మందులు పడవు', మందు పేరు, నెల, సంవత్సరం. మందు వల్ల చెడు జరిగితే 1800 180 3024 అనే ఉచిత నంబరుకు మామూలు మనుషులు కూడా చెప్పొచ్చు, మందుల చెడు ప్రభావాలను నమోదు చేసే దేశవ్యాప్త ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నడిపేది అది. డాక్టరే చెప్పాలని ఏం లేదు.

మిగిలిన మాత్రలు దాచొద్దు

ఎస్పీలో మిగిలేదేమీ ఉండకూడదు, ఎందుకంటే డోసు ఒకేసారి అయిపోతుంది. ఎక్కడైనా అట్టలో ఒకటి మిగిలితే డబ్బాలో పెట్టి వచ్చే ఏడాది చలిజ్వరానికి వాడటం, పక్కింటి పిల్లాడికి సగం విరిచి ఇవ్వడం వద్దు. ఇచ్చిన కేంద్రంలోనే తిరిగి ఇచ్చేయండి.

ఆవులు, కోళ్ళు ఉన్న ఇళ్ళకు

పలమనేరు, పుంగనూరు, పీలేరు వైపు పాడి ఉన్న ఇళ్ళలో పశువుల సల్ఫా మందులు కూడా ఉంటాయి. దూడల విరేచనాలకు, ఆవు న్యుమోనియాకు, కోళ్ళ రక్తపారుడుకు ఎక్కువసేపు పనిచేసే సల్ఫా రకాలు వాడతారు, వాటిలో సల్ఫాడైమెథాక్సిన్ ఒకటి, సల్ఫాడాక్సిన్‌కు ట్రైమెథోప్రిమ్ కలిపిన ఇంజెక్షన్ ఇంకొకటి. మందు అదే కదా అని పశువుల బిళ్ళ మనుషులు వేసుకోవద్దు, వాటి డోసు, తయారీ వేరు. మీకు సల్ఫా పడదని తెలిస్తే ఆ పొడిని చేత్తో కలపకుండా గ్లౌజులు వేసుకోండి, లేదా ఇంట్లో ఇంకొకరితో కలిపించండి. మందు వేసిన ఆవు పాలలోకి సల్ఫా వస్తుంది. ఎన్ని పూటల పాలు పక్కన పెట్టాలో సీసా మీద రాసి ఉంటుంది, లేకపోతే పశువుల డాక్టరును అడిగి తెలుసుకోండి. అన్ని పూటలూ ఆ పాలు డెయిరీకి పోయకండి, ఇంట్లో పిల్లలకూ పట్టకండి. కోళ్ళకైతే గుడ్లకూ మాంసానికీ వేరువేరు గడువు ఉంటుంది, గుడ్లు పెట్టే కోళ్ళకు కొన్ని రకాలు అసలు వేయకూడదు, కొనేటప్పుడే అవి గుడ్ల కోళ్ళని చెప్పి అడగండి.